కింది రెండు బోల్టులు

జనవరి 9

నర్సుల వ్యానుకి స్టీరింగ్ బాక్సు మార్చడం అయింది. పొద్దున్న పదింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదైంది. ఒకప్పుడు భోజనాల వేళకి ముగించేసి చేతులు దులుపుకునేవాణ్ణి. వెనక బ్రేకులు తమ్ముడు చూసుకున్నాడు, ముందు భాగం నేను. బాక్సుని ఛాసిస్‌కి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. పైవి రెండూ బుద్ధిగా కూర్చున్నాయి. కిందివి రెండూ చివర్లో కాస్త మెత్తగా తిరిగాయి. పాత ఛాసిస్ కదా, రంధ్రాల్లో మరలు అరిగి ఉంటాయి. గమ్ము పూసి బిగించాను. పట్టేసింది. డ్రైవరమ్మ పక్కనే నిలబడి ఒకటే హడావుడి. ఆరింటి షిఫ్టుకి నర్సుల్ని ఎక్కించుకోవాలట.

కుడి చెయ్యి పొద్దున్నుంచీ తిమ్మిరి. చలికి.

జనవరి 10

కొత్త కస్టమరొకాయన మా ఇద్దర్నీ చూసి “అన్నదమ్ములా?” అన్నాడు. అవునన్నాను. తమ్ముడు నవ్వాడు. నిజానికి తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఇరవై రెండేళ్లుగా ఒకే షెడ్డులో, ఒకే సబ్బుబిళ్లతో చేతులు కడుక్కుంటున్నాక తోడల్లుడనే మాట నోటికి రాదు.

జనవరి 18

టీ గ్లాసు జారి పగిలింది. చేతిలోనే ఉందనుకున్నాను. డాక్టరుకి చూపించుకోండి అంటుంది మా ఆవిడ. గ్లాసు తడిగా ఉంటే డాక్టరేం చేస్తాడు?

జనవరి 27

నర్సుల వ్యాను గోడకి గుద్దుకుంది. ఆసుపత్రి వెనక మలుపులో. స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరగలేదట. డ్రైవరమ్మకి కుడి మణికట్టు విరిగింది, నుదుటి మీద కుట్లు పడ్డాయి. వ్యానులో ఇంకెవరూ లేరు. పదకొండు మంది నర్సులు అప్పుడే దిగారు.

అప్పుడే అంటే, ఐదు నిమిషాల ముందు.

జనవరి 28

వ్యానుని లాక్కొచ్చి మా షెడ్డులోనే పెట్టారు. డ్రైవరమ్మ అన్నగారు వచ్చాడు. వీధి చివర లేత్ ఆయన కూడా చూద్దామని వచ్చాడు. నేనూ తమ్ముడూ కిందకి దూరాం. బాక్సు పై రెండు బోల్టుల మీద వేలాడుతోంది. కింద రెండూ లేవు, ఎక్కడో రాలిపోయాయి. టార్చి వేసి చూస్తే ఆ రంధ్రాల్లో మర అన్నదే లేదు. వేలు పెడితే గొట్టంలా నున్నగా ఉంది.

బయటికి రాగానే డ్రైవరమ్మ అన్నగారు అడిగాడు. “ఇవి ఎవరు బిగించారు?”

తమ్ముడు నా వంక చూశాడు. నేను చెప్పేస్తానని చూశాడు.

“పైవి రెండూ నేను బిగించానండీ. కిందివి తమ్ముడు,” అన్నాను.

అలా ఎలా అన్నానో. ముందే అనుకుని ఉంచుకున్న మాటలాగా గడగడా వచ్చేసింది.

“స్టీరింగ్ నేను ముట్టుకోలేదు అన్నయ్యా. నేను వెనక చక్రాల దగ్గర ఉన్నాను కదా. నువ్వే...”

“గుర్తు లేదా? ఆవిడ తొందర పెడుతోందని నిన్ను పిలిచి పానా ఇచ్చాను.”

లేత్ ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. “నీ తొందర నాకు తెలీనిదా! పోయినేడాది నా లేత్ హ్యాండిలు విరగ్గొట్టింది నువ్వేగా,” అన్నాడు. తమ్ముడికి ఈ వీధిలో పేరే అది, తొందర. ఆ పేరు పెట్టిందీ నేనే, సరదాకి, పెళ్లైన కొత్తలో.

వాడు పనిచొక్కా విప్పి మేకుకి తగిలించాడు. చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు, చాలాసేపు. వెళ్లిపోయాడు.

నెల్లాళ్ల కిందటి పని అయితే ఏంటి, మూడు వారాలదైతే ఏంటి, ఎవరు ఏ బోల్టు బిగించారో ఎవరికి గుర్తుంటుంది? ఒకే బండి మీద ఇద్దరం చేతులు వేస్తూనే ఉంటాం. కిందివి వాడే బిగించి ఉంటాడు.

జనవరి 30

మరదలు వచ్చింది. గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు.

“అక్కా, మా ఆయన అబద్ధం ఆడడు. బావని ఒక్కసారి సరిగ్గా గుర్తు చేసుకోమను.”

నేను లోపల గదిలో ఉన్నాను. బయటికి రాలేదు. మా ఆవిడే మాట్లాడింది.

“మీ బావ ముప్ఫై ఐదేళ్లుగా పని చేస్తున్నారు. ఒక్క మాట పడ్డారా ఎప్పుడైనా? మీ ఆయన చేసినవన్నీ సర్దుకుంటూ వచ్చింది ఎవరో నీకు తెలీదా? ఇప్పుడు తప్పు జరిగితే ఒప్పుకోవాలి గానీ, ఇంటికొచ్చి ఆయన్ని నిలదీస్తావా?”

“నిలదియ్యడానికి రాలేదక్కా.”

“మరెందుకొచ్చావు?”

గేటు చప్పుడైంది. మా ఆవిడ లోపలికొచ్చి, “మీరేం బాధపడకండి,” అంది. నేను పేపరు చదువుతున్నాను.

ఫిబ్రవరి 3

తమ్ముడికి బస్సుల షెడ్డులో పని దొరికిందట. వెంటనే దొరికింది చూశావా. ఎప్పటి నుంచో చూసుకుంటూ ఉండి ఉంటాడు.

స్పేర్ పార్టుల కొట్టులో అడిగారు, ఏమైందని. చెప్పాను. డ్రైవరమ్మ ఆసుపత్రి నుంచి ఫోను చేసి అడిగింది. ఆవిడకీ చెప్పాను. అడిగితే చెప్పాను తప్ప నేనుగా ఎవరికీ చెప్పలేదు.

టీ కొట్టులో మాత్రం ఆ మాట నేనే ఎత్తాను.

ఫిబ్రవరి 11

షెడ్డులో రేడియో పెట్టాను. కట్టేశాను.

ఫిబ్రవరి 16

డ్రైవరమ్మ మళ్లీ ఫోను చేసింది. బాక్సు బిగించిన తేదీ కావాలట, ఏదో కాగితంలో రాయాలి. గుర్తు లేదమ్మా, చూసి చెప్తానన్నాను. ఈ పుస్తకం తీసి వెనక్కి తిప్పాను.

జనవరి 9. నా రాతే. ‘కిందివి రెండూ చివర్లో కాస్త మెత్తగా తిరిగాయి. గమ్ము పూసి బిగించాను.’

నాలుగుసార్లు చదివాను. తమ్ముణ్ణి పిలిచినట్టు ఎక్కడా లేదు. పానా ఇచ్చినట్టు లేదు.

బోల్టు చివరికొచ్చాక చేతికి బరువు తెలియాలి. ఇక చాలు అని అదే చెప్తుంది. ఆ రోజు నాకు ఏమీ చెప్పలేదు. చెప్పలేదని ఇంకో చుట్టు తిప్పాను, ఇంకో చుట్టు. మర మొత్తం ఊడ్చుకుపోయింది. ఒక బోల్టుతో బుద్ధి రాక రెండోది కూడా. మెత్తగా తిరగ్గానే నాకు తెలిసింది. తెలిసే గమ్ము పూశాను.

తేదీ ఆవిడకి చెప్పాను. తేదీ మాత్రమే.

ఫిబ్రవరి 20

వ్యాను బాగుచేసి ఇచ్చేస్తే మనసు కుదుటపడుతుందేమో అనుకున్నాను. పద్ధతి తెలిసిందే. అరిగిన రంధ్రాన్ని పెద్దది చెయ్యాలి, ట్యాపుతో కొత్త మర కొయ్యాలి, అందులో ఉక్కు బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, ఎక్కించాలి. ఆ బుష్ లోపల పాత సైజు మర ఉంటుంది. పాత బోల్టు హాయిగా కూర్చుంటుంది. ముందుకంటే గట్టిగా ఉంటుంది కూడా. లేత్ ఆయన బుష్షులు రెండూ తయారుచేసి ఇచ్చాడు. “మన తొందర మనిషి చేసిన పని మీ నెత్తిన పడింది, పాపం,” అన్నాడు. బుష్షులు జేబులో వేసుకుని వచ్చేశాను.

డ్రిల్లు బాగానే పడింది. ట్యాపు దగ్గరికొచ్చేసరికి... సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, రజను రాలనిస్తూ పోవాలి. ఈ పని ఎన్ని వేలసార్లు చేశానో. ట్యాపు బిగుసుకుంటుంటే చెయ్యి చెప్పాలి. చెప్పలేదు. టిక్కుమంది. ట్యాపు విరిగి సగం ఛాసిస్‌లో ఉండిపోయింది.

ట్యాపుని డ్రిల్లు కొరకలేదు. అంత గట్టి ఉక్కు. రంధ్రం పాడవకుండా దాన్ని బయటికి తియ్యగలిగినవాణ్ణి నాకు తెలిసి ఒక్కణ్ణే చూశాను.

ఫిబ్రవరి 21

షెడ్డు తియ్యలేదు.

ఫిబ్రవరి 23

మా ఆవిడకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. చెప్పడం అయ్యాక కూడా మడతపెడుతూనే ఉంది. నా చొక్కాలు, తన చీరలు, తువ్వాళ్లు. అన్నీ అయ్యాక అంది:

“గుమ్మంలోంచి పంపించేశాను. కూర్చోమని కూడా అనలేదు. మీరు లోపలే ఉన్నారు.”

“ఉన్నాను.”

“వింటున్నారు.”

“విన్నాను.”

“ఒక్క దగ్గు దగ్గినా నేను ఆగేదాన్నేమో కదండీ.”

అరిచి ఉంటే బాగుండేది. పక్క తీసుకుని ముందుగదిలోకి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 24

డాక్టరు చేతి మీద సూదితో గుచ్చి, తెలుస్తోందా అని అడిగాడు. రెండు వేళ్లకి తెలియలేదు. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందట. ఎన్నాళ్ల నుంచీ అన్నాడు. ఏడాది అన్నాను. చెయ్యి సంగతి మొదటిసారి నిజం చెప్పింది అతనికే. “అప్పుడే వచ్చి ఉండాల్సింది. ఆపరేషన్ చేసినా పూర్తిగా రాకపోవచ్చు,” అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది. ఏడాది అన్నప్పుడు నా వైపు తిరిగింది.

ఫిబ్రవరి 25

బస్సుల షెడ్డుకి వెళ్లాను. భోజనం గంట కొట్టేదాకా గేటు బయట నిలబడ్డాను. తమ్ముడు డబ్బా పట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగాడు. కొత్త చొక్కా, జేబు మీద నంబరు. చిక్కాడు.

దారంతా చెప్పుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోట్లోంచి రాలేదు. “కిందివి కూడా నేనే బిగించాను,” అన్నాను.

“నాకు తెలుసు అన్నయ్యా. అక్కడున్నది మనమిద్దరమేగా. నేను కాకపోతే నువ్వేగా.”

అవును. ఇంత చిన్న లెక్క.

“నువ్వు చేశావని తెలుసు. నీకు తెలుసో లేదో, అదొక్కటే అర్థం కాలేదు నాకు,” అన్నాడు. “నిజంగానే మర్చిపోయావేమో అనుకున్నా. వయసు కదా, చెయ్యి కూడా సరిగ్గా లేదు, బుర్రలో కలగలిసిపోయిందేమో అని మా ఆవిడతో వాదించాను. తను కాదంటే తన మీదే కసురుకున్నా. మర్చిపోలేదన్నమాట.”

“లేదు.”

“మర్చిపోయి ఉంటేనే బాగుండేది.”

చెయ్యి సంగతి వాడికి తెలుసు! నేను పానా జారవిడిచిన ప్రతిసారీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడట. ఏడాదిగా నేను బిగించిన బ్రేకు బోల్టుల్ని, నేను భోజనానికి వెళ్లినప్పుడు ఇంకోసారి పానా వేసి చూసేవాడట. ఆ వ్యాను ఒక్కటే చూడలేకపోయాడు. ఆవిడ తొందర పెట్టింది కదా, బోల్టు పడగానే తీసుకెళ్లిపోయింది.

క్షమించమని అడగాలని వెళ్లాను. ఇది విన్నాక ఏ మొహంతో అడగను? ట్యాపు విరిగిందని మాత్రం చెప్పాను. వాడు ఛాసిస్ లోతు అడిగాడు, ట్యాపు సైజు అడిగాడు.

“ఆదివారం వస్తా. నీ కోసం కాదు, ఆవిడ బండి అలా పడుందని,” అన్నాడు. గంట మళ్లీ కొట్టారు. డబ్బా మూత తియ్యకుండానే లోపలికి వెళ్లిపోయాడు. నా వల్ల ఆ పూట భోజనం కూడా పోయింది.

మార్చి 2

ఆదివారం. తొమ్మిదింటికల్లా వచ్చాడు. సొంత పనిముట్లు తెచ్చుకున్నాడు. మేకుకి వాడి పాత పనిచొక్కా అలాగే ఉంది, ముట్టుకోలేదు.

విరిగిన ట్యాపు మీద ఒక నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగు చుక్క పెట్టాడు. ఊడొచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఊడింది. ఐదోసారి పట్టింది. చల్లారేదాకా ఆగాడు. తొందర అని పేరు పెట్టిన మనిషి పావుగంట సేపు ఛాసిస్ కింద కదలకుండా పడుకున్నాడు. తర్వాత పానా వేసి, గోరంత ముందుకి, గోరంత వెనక్కి, నూనె చుక్క, మళ్లీ గోరంత. గంటన్నర పట్టింది. ట్యాపు ముక్క బయటికొచ్చింది. రంధ్రానికి గీత కూడా పడలేదు.

నేను లైటు పట్టుకున్నాను, ఎడం చేత్తో.

కొత్త మరలు కోశాడు. బుష్షులు ఎక్కించాడు. బాక్సు కూర్చోబెట్టి నాలుగు బోల్టులూ తనే బిగించాడు. బిగువెంతో చూపించే కొలత పానా పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. వ్యానుని వీధి చివరిదాకా నడిపి తెచ్చాడు.

“తిరిగి వచ్చెయ్యరా,” అన్నాను. “షెడ్డు నీ పేర పెట్టుకో. నేను ఊరికే కుర్చీలో కూర్చుంటా.”

“అక్కడ బాగానే ఉంది అన్నయ్యా. ఎవరి పని వాళ్లు పుస్తకంలో సంతకం పెట్టి చేస్తారు.”

నొప్పించాలని అనలేదు. మామూలుగానే అన్నాడు.

మార్చి 5

డ్రైవరమ్మ వ్యాను తీసుకోవడానికి వచ్చింది. కట్టు విప్పేశారు. ఆవిడకి అంతా చెప్పాను. నిలబడే వింది.

“నుదుటి మీద కుట్లకి నేనేం అనుకోను మేస్త్రీ గారూ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ సాయంత్రమే ‘కింద రెండూ పట్టలేదమ్మా, రేపు రా’ అని ఉంటే ఏమయ్యేది? నర్సులు ఆటోల్లో వెళ్లేవాళ్లు. అంతేగా?”

“అంతేనమ్మా.”

“మీ తమ్ముడు గారిని ఫోనులో ఎన్నెన్ని మాటలన్నానో తెలుసా? చేతులు పడిపోను అన్నాను. ఆయన ‘తగ్గాక రండమ్మా, బండి బాగుచేయిస్తాను’ అన్నాడు. ఇప్పుడు ఆయన మొహం ఎలా చూడను?”

తాళాలు తీసుకుంది. బండి ఎక్కి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిప్పి చూసుకుంది. ఇక ఈ షెడ్డుకి రాదు.

మార్చి 8

మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లి వచ్చింది. లోపలికి రానిచ్చిందట, మంచినీళ్లిచ్చిందట. అంతే. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట అందట. “ఇంట్లో వాళ్లకి చెప్తే సరిపోయిందా అక్కా? ఆ వీధిలో అందరికీ మా ఆయనేగా దోషి.”

నిజమే. నాలుగుచోట్ల చెప్పాను. నాలుగుచోట్లా వెనక్కి తీసుకోవాలి. డ్రైవరమ్మది అయింది. మూడున్నాయి.

మార్చి 10

స్పేర్ పార్టుల కొట్టులో చెప్పాను. కొట్టాయన లేచి నిలబడ్డాడు. “మీరు చాలా పెద్దమనిషండీ. బంధువు పరువు పోకూడదని మీ మీద వేసుకుంటున్నారు,” అన్నాడు.

కాదండీ, నిజంగా నేనే అన్నాను.

“నాకు అర్థమైందిలెండి,” అని కన్ను గీటాడు.

టీ కొట్టులోనూ అంతే. లేత్ ఆయనైతే నా చెయ్యి పట్టుకుని, “మీ చేతిలో బోల్టు మర పోవడమా? నాకు చెప్తారా?” అన్నాడు. పైగా అక్కడున్న వాళ్లందరికీ చెప్పాడు, తోడల్లుడి తప్పుని ఎలా నెత్తికెత్తుకుంటున్నాడో చూడండి, ఈ కాలంలో ఇలాంటి మనిషి దొరుకుతాడా అని. టీ కొట్టు ఆయన నా టీకి డబ్బులు పుచ్చుకోలేదు.

అబద్ధం చెప్తే ఒక్క మాటకే నమ్మారు. నిజం చెప్తే దండ వేసేలా ఉన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే, రెండు వారాల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

మార్చి 12

షెడ్డులోంచి బోల్టు, నట్టు తీసుకుని పదకొండింటికి టీ కొట్టుకి వెళ్లాను. అందరూ ఉండే వేళ. లేత్ ఆయనా, స్పేర్ పార్టుల కొట్టాయనా, టైర్ల షాపు వాళ్లూ, అద్దాలు బిగించే అతనూ.

“బండి కింద పడుకుంటే రంధ్రం కనపడదు. చేత్తోనే చూసుకోవాలి,” అన్నాను. “అందుకని కళ్లు మూసుకుంటాను. ఈ నట్టు ఎక్కిస్తాను. మీరు చూడండి.”

లేత్ ఆయన నవ్వాడు. “పందెం ఏంటి?”

కళ్లు మూసుకున్నాను. ఎడం చేత్తో బోల్టు, కుడి చేత్తో నట్టు. పధ్నాలుగో ఏట నుంచీ చేస్తున్న పని. తిప్పాను. ఎక్కుతున్నట్టే ఉంది. ఇంకో రెండు చుట్లు తిప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో అనుకుంటూనే, “పట్టింది,” అన్నాను.

కళ్లు తెరిస్తే నట్టు నా కాలి దగ్గర నేల మీద ఉంది. ఖాళీ వేళ్లు తిప్పుకుంటున్నాను.

టీ కొట్టు ఆయన స్టవ్ చిన్నది చేశాడు. లేత్ ఆయన వంగి నట్టు తీశాడు. “ఇంకోసారి చెయ్యండి,” అన్నాడు. ఇంకోసారి చేశాను. వంకరగా ఎక్కి బిగుసుకుపోయింది. అది కూడా నాకు తెలియలేదు, ఆయనే ఆపాడు.

“కిందివి రెండూ ఇలాగే బిగించాను. మెత్తగా తిరిగాయని తెలిసీ బండి పంపించాను. వాడి మీద పెట్టాను. వాడు ఆ దగ్గరికి కూడా రాలేదు,” అన్నాను.

స్పేర్ పార్టుల కొట్టాయన తల దించుకున్నాడు. టైర్ల షాపతను గ్లాసు అక్కడ పెట్టేసి నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. నమ్మారు.

ఇవాళ టీకి డబ్బులు తీసుకున్నారు.

మార్చి 13

ఒకాయన కారు తెచ్చాడు, ముందు చక్రాల పని. చెయ్యి బాగాలేదు, నేను చెయ్యనండీ అన్నాను. మరి ఎవరు చేస్తారు అని అడిగాడు. తమ్ముడి పేరు చెప్పాను. ఆదివారాలు ఖాళీగా ఉంటాడేమో అడిగి చూడండి, అతను చేసిన పని తిరిగి రాదు అన్నాను. షెడ్డు తలుపు మీద పని ఆపేసినట్టు కాగితం అంటించాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

మార్చి 15

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు.

“టీ కొట్టులో ఏదో చేశావట. అందరి ముందూ ఎందుకన్నయ్యా అలాగ?”

“చెప్తే నమ్మలేదురా.”

వెనక బస్సుల చప్పుడు వినిపిస్తోంది.

“లేత్ ఆయన వచ్చాడు ఇక్కడికి. ఏడ్చాడు,” అన్నాడు. తర్వాత, “చెయ్యి డాక్టరుకి చూపించావా?”

“చూపించాను. ఆపరేషన్ ఇరవయ్యో తారీఖున. కానీ ఆలస్యం చేశానన్నాడు.”

“అవును,” అన్నాడు తమ్ముడు. “ఆలస్యం చేశావు.”

ఫోను పెట్టేశాడు. చేతి గురించేనా అని అడగడానికి నాకు నోరు రాలేదు.